టమాటా మొక్కకు స్పీకర్ పెట్టి చూసిన నలభై రోజులు

పోయిన నెల మొదట్లో నేనొక వీడియో పెట్టినాను, మీలో చాలామంది చూసే ఉంటారు. కొట్టానికి ఒక పక్క ఇరవై టమాటా మొక్కలు పచ్చగా నిలబడి ఉంటాయి. ఇంకో పక్క ఇరవై మొక్కలు తలలు వేలాడేసి ఉంటాయి. "శబ్దం పెట్టిన మొక్కలు బెట్టకు తట్టుకున్నాయి, మీరే చూడండి" అని నేనే గట్టిగా చెప్పినా. ఆ వీడియో ఇప్పుడు తీసేసినా. ఎందుకు తీసేసినావు, ఆ పెట్టె ఎక్కడ దొరుకుతుంది అని రోజూ ఫోన్లు వస్తున్నాయి. ఒక్కొక్కరికి చెప్పలేక ఇది రాస్తున్నా. పొడుగైంది, ఓపిక చేసుకోండి. పెట్టె కోసం డబ్బులు తీసి పెట్టుకున్నవాళ్ళు మాత్రం తప్పకుండా చివరిదాకా చదవండి.

మాది కళ్యాణదుర్గం వైపు. ఐదెకరాల ఎర్రనేల. నాలుగెకరాల్లో వర్షాధారం శనక్కాయ, సాళ్ళలో కంది, గట్ల మీద ఆముదం. బోరు కింద ఒక ఎకరా టమాటా, డ్రిప్పు. ఈసారి వాన సంగతి మీకు నేను చెప్పేదేముంది. జూలైలో తడిపింది, విత్తనం వేసినాం, ఆగస్టులో మొహం చాటేసింది. రెండించులు పోసే బోరు వినాయక చవితికల్లా ముక్కాలు ఇంచుకు వచ్చింది. మోటారు అరగంట నీళ్ళు పోస్తే పావుగంట గాలి కక్కేది.

చవితి అయిన నాలుగో రోజు ఒకాయన బైకు మీద వచ్చినాడు. ఏ కంపెనీ అనేది ఇక్కడ రాయను. వెనక సీటుకు ఒక పెట్టె కట్టుకొచ్చినాడు. పెట్టెకు చిన్న సోలార్ ప్లేటు, రెండు మైకు గొట్టాలు. దీన్ని చేనులో పెట్టి రోజూ పొద్దున గంటసేపు ఆడిస్తే మొక్క నీళ్ళు తక్కువైనా తట్టుకుంటుందట, ఎకరానికి ఒక పెట్టె చాలట, పద్దెనిమిది వేలట.

నాకు నవ్వొచ్చింది. చేనులో శబ్దం అంటే మనకు తెలిసింది పిట్టల్ని తోలడానికే. చిన్నప్పుడు మా నాయన జొన్నచేలో మంచె ఎక్కించి, చేతికి వడిసెల, కొట్టుకోను ఒక డబ్బా ఇచ్చేవాడు. పొద్దుగూకేదాకా డబ్బా కొట్టినా జొన్నచెట్టు ఒక్క ఇంచు ఎక్కువ పెరిగింది నేను చూడలేదు. అదే మాట ఆయనతో అన్నా.

ఆయన నొచ్చుకోలేదు. ఫోన్ తీసి ఒకటి తర్వాత ఒకటి చూపించినాడు. తమిళనాడు అన్నామలై యూనివర్సిటీలో టి.సి. సింగ్ అనే బోటనీ ప్రొఫెసర్ 1950, 60ల్లోనే మొక్కలకు సంగీతం వినిపించినాడట, వరి మళ్ళలో మైకులు పెట్టి చారుకేశి రాగం వేస్తే దిగుబడి 25 నుంచి 60 శాతం పెరిగిందట. ఇటలీలో ఒకాయన ద్రాక్ష తోటలో మొజార్ట్ సంగీతం పెడుతున్నాడట. కొరియాలో వరికి, చైనాలో టమాటాకు చేసి చూసినారట. మా ఇంటామె వాకిట్లో నిలబడి అంతా విని, "మన బోరుకు కూడా ఏదన్నా పాట ఉంటే పెట్టమను" అని లోపలికి పోయింది.

అయినా మనిషికి ఆశ పుట్టినప్పుడు చెవులు ఒకపక్కే వింటాయి. డ్రిప్పు లేటరల్ పైపులు మార్చడానికని ఇంట్లో ఇరవై వేలు దాచి పెట్టింది. అందులోంచి రెండు వేలు తీసి అడ్వాన్సు ఇచ్చినా. నెల తర్వాత పెట్టె తెస్తా, మిగతాది అప్పుడివ్వు అన్నాడు.

ఆ రాత్రి పాపకు ఫోన్ చేసి చెప్పినా. మా పాప అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. తిడుతుందేమో అనుకున్నా. తిట్టలేదు. "నాన్నా, నాలుగు రోజులు టైమియ్యి, చదివి చెప్తా" అన్నది. తర్వాత చెప్పినవి మాత్రం నన్ను ఆశ్చర్యపరిచినాయి. మీరూ వినండి, ఇవి ఆ బైకాయన చెప్పిన మాటలు కావు.

మొదటిది, నీళ్ళు తక్కువైన మొక్క తానే చప్పుడు చేస్తుందట. ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్ యూనివర్సిటీ వాళ్ళు 2023లో టమాటా, పొగాకు మొక్కల దగ్గర మైకులు పెట్టి రికార్డు చేసినారు. నీళ్ళు సరిగ్గా అందిన మొక్క గంటకు ఒక్కసారి కూడా చప్పుడు చేయదు. నీళ్ళు ఆపిన మొక్క గంటకు 30 నుంచి 50 సార్లు టిక్కు టిక్కుమంటుంది. ఆకు వాలిపోవడం మన కంటికి కనపడకముందే మొదలవుతుంది, నాలుగైదు రోజులకు బాగా ఎక్కువవుతుంది, మొక్క పూర్తిగా ఎండే కొద్దీ తగ్గిపోతుంది. మనకెందుకు వినపడదంటే మన చెవి 20 కిలోహెర్ట్జ్ దాకానే వింటుంది, ఆ చప్పుడు 40 నుంచి 80 మధ్య ఉంటుంది.

చప్పుడు ఎందుకు వస్తుందంటే, వేరు నుంచి ఆకు దాకా సన్న గొట్టాల్లో నీళ్ళు తెగకుండా దారంలాగా పైకి లాగబడుతుంటాయి. కింద నీళ్ళు చాలక పైన ఎండ గట్టిగా లాగితే ఆ దారం తెగి, గొట్టంలో గాలిబుడగ పడుతుంది. ఆ తెగడమే టిక్కుమనడం అని సైంటిస్టులు అనుకుంటున్నారు. మన బోరు అడుగంటినప్పుడు పైపు గడగడమని కొట్టుకోవడం లేదా, అట్లాంటిదే అనుకోండి. ఇది నిన్నమొన్న కనిపెట్టింది కూడా కాదు. 1966లోనే మిల్‌బర్న్, జాన్సన్ అనే ఇద్దరు, నీళ్ళ దారం తెగేటప్పుడు వచ్చే అదురును పట్టుకున్నారు. ఏ మొక్క మీదనో తెలుసా? ఆముదం. మా గట్టు మీద ఎవరూ పట్టించుకోని ఆముదం!

ఆ మాట విన్న మరుసటి రోజు మిట్టమధ్యాహ్నం గట్టు మీదికి పోయి ఒక ఆముదం చెట్టు దగ్గర చెవి పెట్టి నిలబడినా. వినపడదని తెలుసు. అయినా నిలబడినా. దారిన పోయే గొర్రెలాయన ఏమనుకున్నాడో ఏమో.

రెండోది, బయటి శబ్దం మొక్కకు తెలుస్తుందా అన్నది. తెలుస్తుందట. శబ్దం అంటే గాలి అదరడమే కదా, ఆ అదురు మొక్క కణాలకు తగులుతుంది. అమెరికాలో మిస్సోరీ యూనివర్సిటీ వాళ్ళు 2014లో, పురుగు ఆకును కొరికేటప్పుడు పుట్టే అదురును మాత్రమే ఒక మొక్కకు వినిపించినారు. పురుగు లేదు, కొరకడం లేదు. ఆ మొక్క తర్వాత పురుగు పడినప్పుడు ఘాటు రసాయనాన్ని ఎక్కువ తయారు చేసుకుంది. గాలి అదురు, వేరే పురుగు అరుపు వినిపిస్తే అట్లా చేయలేదు.

బెట్ట సంగతికి వస్తే కొరియా వాళ్ళు వరి మొక్కలకు గంటసేపు రకరకాల శబ్దాలు పెట్టి, తర్వాత నీళ్ళు ఆపినారు. ఆ ఫలితం 2014లో వచ్చింది. 800 హెర్ట్జ్, ఆపైన పెట్టిన మొక్కల ఆకుల్లో నీళ్ళ శాతం ఎక్కువ నిలిచింది. స్పెయిన్‌లో 2017లో ఆవజాతి చిన్న మొక్క మీద చేసినారు. ముందుగా శబ్దం పెట్టి తర్వాత నీళ్ళు లేకుండా ఉంచితే నూటికి 24.8 మొక్కలు బతికినాయి, శబ్దం లేనివి 13.3. నారు పీకే ముందు నీళ్ళు తగ్గించి మనం నారును గట్టిపరుస్తాం చూడండి, శబ్దం కూడా మొక్కను అట్లా ముందే హెచ్చరిస్తుందేమోనని వాళ్ళ ఆలోచన.

"దాదాపు డబుల్ కదా పాపా!" అన్నా.

"డబులే నాన్నా. కానీ శబ్దం పెట్టినా నూటికి డెబ్బై ఐదు చచ్చిపోయినాయి, అది కూడా చూడు. పైగా ఇవన్నీ మూసిన గదిలో, స్పీకరు దగ్గర పెట్టి చేసినవి. మన చేను గది కాదు" అన్నది.

నేను డబుల్ అన్న ముక్క పట్టుకున్నా. మిగతాది వదిలేసినా.

పెట్టె వచ్చే లోపల మనమే చేసి చూద్దాం అనిపించింది. నర్సరీ నుంచి నలభై నారుమొక్కలు తెచ్చి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నలభై నల్ల కవర్లలో పెట్టినా. ఇరవై కొట్టానికి తూర్పు పక్క, ఇరవై పడమటి పక్క. మధ్యలో గోడ ఉంటే శబ్దం అవతలికి పోదు కదా అని నా తెలివి. పక్కింటి పిల్లోని బ్లూటూత్ స్పీకర్ తెచ్చి తూర్పు పక్క పెట్టి, ఫోన్లో 1000 హెర్ట్జ్ శబ్దం రోజూ పొద్దున ఆరు నుంచి ఏడు దాకా ఆడించినా. కుయ్యిమని చెవుల్లో జోరీగ దూరినట్టు ఉంటుంది. మూడో రోజుకు బర్రె చేపడం మానేసింది. ఇంట్లో నాకు కాఫీ కూడా ఆగిపోయింది.

పది రోజులు రెండు పక్కలా ఒకే చెంబుతో నీళ్ళు పోసి, పదకొండో రోజు నుంచి ఆపినా. రెండో రోజు మధ్యాహ్నానికి పడమర పక్క పద్నాలుగు మొక్కలు వాలిపోయినాయి. తూర్పు పక్క, శబ్దం పెట్టినవి, మూడే. నాలుగు రోజులు ఎండగట్టి మళ్ళీ నీళ్ళు పోస్తే తూర్పున పదిహేడు లేచినాయి, పడమరన తొమ్మిది. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. అప్పుడే ఆ వీడియో తీసి పెట్టినా.

వీడియో పెట్టి ఊరుకున్నా బాగుండేది. మా బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, నువ్వు చెప్పు, కొనమంటే కొంటా" అన్నాడు. వానికి మూడెకరాల శనక్కాయ, బోరు కూడా లేదు. "కళ్ళారా చూసినా కదరా, తీసుకో" అన్నా. వాడు చీటీ పాడి, పద్దెనిమిది వేలు మొత్తం ఒకేసారి కట్టేసి, వారంలో పెట్టె తెప్పించుకున్నాడు.

నేను చేసిన ఇంకో తప్పు కూడా ఇక్కడే చెప్పాలి. అప్పటికి నా టమాటా పూత మీద ఉంది. ఉన్న ముక్కాలు ఇంచు నీళ్ళు ఎకరాకు చాలవు. సగం వదిలేసి సగం కాపాడుకోవాలని నాకూ తెలుసు. కానీ పెట్టె వస్తుంది కదా, ఎకరా మొత్తం నిలబడుతుంది కదా అని చాలీచాలని నీళ్ళు ఎకరాకంతా పంచుతూ కూర్చున్నా. రెండు వారాలు. పొద్దున పోతే సాళ్ళ పొడుగునా పసుప్పచ్చ పూలు రాలి ఉండేవి. దాన్ని తలుచుకుంటే రెండు వేల అడ్వాన్సు నాకు లెక్కలోకే రాదు.

వీడియో చూసి పాప ఫోన్ చేసింది. "నాన్నా, ఇది ఎన్ని గంటలకు తీసినావు?" అన్నది. మూడు గంటలకు అన్నా. "తూర్పు పక్క మొక్కల మీద కొట్టం నీడ పడుతోంది. పడమర మొక్కలు ఎండలో ఉన్నాయి. నువ్వు శబ్దాన్ని పరీక్ష చేసినావా, నీడను పరీక్ష చేసినావా?"

నాకు నోట మాట రాలేదు. ముప్పై ఏళ్ళ నుంచి సేద్యం చేస్తున్నా. మధ్యాహ్నం రెండు దాటితే కొట్టం నీడ ఎటు పడుతుందో నాకు తెలియదా? బర్రెను కట్టేసేది ఆ నీడలోనే! కళ్ళముందు ఉన్నది కనపడలేదు, ఎందుకంటే నేను శబ్దం కోసం చూస్తున్నా.

మళ్ళీ చేద్దాం అన్నది. ఈసారి ఎట్లా చేయాలో ఆమే చెప్పింది. ఇంకో నలభై మొక్కలు, నాలుగు గుంపులు. తూర్పున పది శబ్దంతో, పది శబ్దం లేకుండా. పడమరన కూడా అట్లే. శబ్దం పెట్టాల్సిన ఇరవై మొక్కల్ని పొద్దున ఆ గంట కొట్టం వెనక స్పీకర్ దగ్గరికి మోసుకుపోవాలి. శబ్దం లేని ఇరవైని కూడా ఊరికే ఉంచకూడదు, అంతే దూరం మోటారు షెడ్డు దాకా మోసుకుపోయి గంట తర్వాత తెచ్చి పెట్టాలి. మొక్కను కదిలించినా మొక్కకు తెలుస్తుందట, కాబట్టి కదిలింపు కూడా సమానంగా ఉండాలట. పది రోజులు మొక్కల్ని గంపల్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పినా. ఊళ్ళో ఏమనుకున్నారో మీరు ఊహించుకోవచ్చు. టమాటాలకు గాలి మార్పు కావాలంట అని ఒకరు, దిష్టి తగిలిందంట అని ఒకరు.

నాలుగు రోజులు ఎండగట్టి నీళ్ళు పోసినాక లెక్క ఇది. తూర్పు పక్క శబ్దం పెట్టినవి పదిలో ఎనిమిది లేచినాయి, పెట్టనివి తొమ్మిది. పడమర పక్క శబ్దం పెట్టినవి నాలుగు, పెట్టనివి ఐదు. పది మొక్కల్లో ఒకటి అటూ ఇటూ అంటే అది తేడా కాదు. తేడా అంతా తూర్పు పడమరలోనే ఉంది. మధ్యాహ్నం నీడ, అంతే.

దీనితో కొరియా వాళ్ళది, స్పెయిన్ వాళ్ళది తప్పని నేననడం లేదు. వాళ్ళ గది వేరు, వాళ్ళ స్పీకర్ వేరు, నాది పక్కింటి పిల్లోడి బ్లూటూత్. నేనంటున్నది చేను గురించి. స్పీకరు నుంచి దూరం రెట్టింపైతే శబ్దం బలం నాలుగో వంతుకు పడిపోతుంది. మూరెడు దూరంలో మొక్కకు తగిలే అదురు యాభై గజాల అవతల సాలుకు ఎంత మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి. ఎకరానికి ఒక పెట్టె చాలన్నవాన్ని నేను ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది.

చైనా లెక్కలు కూడా బైకాయన చూపించినాడు కదా. అవి 2014లో అచ్చయిన లెక్కలే, నిజమే. టమాటా 13.2 శాతం, పత్తి 11.4, వరి 5.7 పెరిగిందని ఉంది. కానీ ఆ లెక్కలు రాసినవాళ్ళలో ఆ శబ్దం టెక్నాలజీ మీద పని చేసినవాళ్ళే ఉన్నారు. పైగా అది మామూలు దిగుబడి లెక్క, బోరు ఎండిన చేను లెక్క కాదు. వరిలో 5.7 శాతం అంటే ఎకరాకు ముప్పై బస్తాలు పండేచోట రెండు బస్తాలు కూడా కాదు. దాన్ని పద్దెనిమిది వేలతో పోల్చి చూసుకోండి.

నాకు ఇందులో నిజంగా పనికొచ్చేది అనిపించింది ఆ మొదటిదే, మొక్క చేసే చప్పుడు. మొక్క దప్పికైందని ఆకు వాలకముందే చెప్తోంది. ఆ టిక్కు టిక్కును విని, ఈ సాలుకు ఇప్పుడు నీళ్ళు కావాలి, ఆ సాలుకు రేపు పెట్టినా చాలు అని చెప్పే మైకు ఏదన్నా మనకు అందే ధరలో వస్తే, దానికి నేను అప్పు చేసైనా డబ్బు పెడతా. ఉన్న ముక్కాలు ఇంచును ఎటు తిప్పాలో తెలిస్తే అదే మనకు కావాల్సింది. మనం మాట్లాడే పెట్టె కొంటున్నాం, వినే పెట్టె కాదు. అంతదాకా నేను వేలు పెట్టి మట్టి చూసుకుంటా.

నెల తర్వాత బైకాయన వచ్చినాడు. వద్దన్నా. అడ్వాన్సు తిరిగి ఇవ్వడం కుదరదన్నాడు. నేనూ ఎక్కువ మాట్లాడలేదు. అదే రోజు సాయంత్రం టమాటాలో పడమటి అర ఎకరా లేటరల్ పైపులకు వాల్వు కట్టేసినా. పచ్చగా ఉన్న చెట్టుకు చేతులారా నీళ్ళు కట్టేయడం ఎట్లా ఉంటుందో చేసినవాళ్ళకు తెలుసు. మిగిలిన అర ఎకరాకు గట్టు మీది కానుగ రెమ్మలు కొట్టి, పీకిన గడ్డి, ఎండుటాకులు కలిపి మొదళ్ళ చుట్టూ పరిచినా. పగలు నీళ్ళు ఆపేసి పొద్దుగూకినాక వదిలినా. 15 కిలోల బాక్సులు 230 వచ్చినాయి. రెండు వారాల ముందే వాల్వు కట్టి ఉంటే ఎన్ని వచ్చేవో నేను లెక్క వేయలేదు, వేయను కూడా. వచ్చేసారి పడమటి గట్టు వెంబడి నాలుగు సాళ్ళు జొన్న దట్టంగా విత్తుతా, మధ్యాహ్నం ఎండ కొంచెమన్నా ఆపుతుందని. అది పని చేస్తే చెప్తా, చేయకపోయినా చెప్తా. ఈసారి జొన్న లేని సాళ్ళు కూడా పక్కన పెట్టుకుని చూస్తా.

ఎవరన్నా ఇట్లాంటి పెట్టె అమ్మను వస్తే ఒకటే అడగండి. "నెల రోజులు ఊరికే ఇయ్యి. ఒకే చేనులో ఒక మూల పెడతా, ఇంకో మూల పెట్టను. పంటలో సగం కాలం అయినాక మూలలు మారుస్తా. అప్పుడు డబ్బులిస్తా" అనండి. ఉంటాడో పోతాడో మీకే తెలుస్తుంది.

ఇక బామ్మర్ది సంగతి. రెండో పరీక్ష లెక్క రాగానే వాళ్ళ ఊరికి పోయినా. ఫోన్లో చెప్పే మాట కాదది. వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పినా. సగం డబ్బు నేను ఇస్తా అన్నా. వాడు ఏమీ అనలేదు. "భోంచేసి పో బావా" అన్నాడు, అంతే. పది రోజులు ఫోన్ చేయలేదు. మా ఇంటామె కూడా నాతో సరిగ్గా మాట్లాడలేదు, వాని అక్క కదా. వాని శనక్కాయ ఊళ్ళో అందరి శనక్కాయ మాదిరే ఉంది, చెట్టుకు ఆరేడు కాయలు. పెట్టె లేని మూల అంటూ ఏదీ ఉంచుకోలేదు కాబట్టి పెట్టె వల్ల ఏమైనా అయిందా లేదా అనేది ఎవరూ చెప్పలేరు.

పదకొండో రోజు వాడే ఫోన్ చేసినాడు. కాయ ఊరే టైము కదా, చేనులోకి అడవిపందులు దిగుతున్నాయట. వాళ్ళ పిల్లోడు ఆ పెట్టె విప్పి, పెన్‌డ్రైవ్‌లో కుక్కల అరుపులు ఎక్కించి రాత్రంతా ఆడించినాడట. "బావా, వారం రోజులు ఒక్క పంది రాలేదు!" అన్నాడు, గొంతులో నవ్వుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎనిమిదో రాత్రి వచ్చినాయట. మైకు గొట్టం కిందనే తవ్వుకుని తినిపోయినాయట.